చంద్రభాగ ముక్కు

జులై 1, సోమవారం

నా పెళ్లాం చంద్రభాగ ఊరి బయటున్న కుంభారికి వెళ్లిపోయింది. బీడీ కార్మికుల కాలనీలో ఆమె పేరున వచ్చిన కొత్త ఇంటికి. చాట, కత్తెర, తంబాకు డబ్బా, రెండు సంచుల బట్టలు, దేవుడి పటం ఆటోలో పెట్టుకుని, "వస్తవా, రావా?" అని ఒక్కసారే అడిగింది. "అక్కడ వెలుతురు బాగుండదు" అన్నాను. ఏ వెలుతురో, నాకెందుకు కావాలో నాకే తెలియదు. నోటికి అదొచ్చింది. ఆమె నా ముఖం వంక ఒకసారి చూసి, ఆటోవాడితో మరాఠీలో "చలా" అంది.

మంచిదే. జోడ్‌భావి పేట్‌లోని ఈ ఒక్క గదీ ఇప్పుడు మొత్తం నాదే. తడి ఆకు వాసన లేదు, తంబాకు తుమ్ములు లేవు. ఇంత ప్రశాంతంగా ఉన్నప్పుడు మనిషి ఏదైనా గొప్ప పని చేయాలి.

జులై 2

ఏ గొప్ప పనీ తోచలేదు. పడుకున్నాను.

జులై 4

తోచింది. ఆయిల్ పెయింటింగ్.

ముప్పై ఏళ్లు తువ్వాళ్లకు నక్షాలు గీసినవాణ్ణి. గళ్ల కాగితం మీద ఒక్కో గడి నింపుతూ నెమలి, గులాబీ, హంసల జంట. కార్ఖానాలో సేఠ్ మేనల్లుడు తుషార్ కంప్యూటర్ తెచ్చి పెట్టినప్పటి నుంచి నా గళ్లకు పని లేదు. సాంచాలకు, మరమగ్గాలకన్నమాట, కండెలు అందిస్తున్నాను. అయినా చేతిలో ఉన్న కళ ఎక్కడికి పోతుంది? ఫోన్‌లో ఒక దొర వీడియో చూశాను. రంగును వెన్నలా తీసి, కత్తితో గుడ్డ మీద దట్టంగా అద్దుతూ, మధ్యమధ్య నిట్టూరుస్తూ ఒక ముసలామె ముఖం వేశాడు. దూరం నుంచి చూస్తే ఆమె అప్పుడే ఏడ్చి లేచినట్టుంది. దగ్గరికి వెళ్తే అన్నీ గడ్డలు. నిట్టూర్చడం నాకూ వచ్చు. సగం పని అయినట్టే.

జులై 6

నిన్న రంగు గొట్టాలు తెచ్చాను. కార్ఖానాలో మిగిలిన దుప్పటి గుడ్డను చెక్క చట్రానికి బిగించి, మా పద్ధతిలో మైదా గంజి పట్టించాను. పడుగుకు గంజి పెట్టిన చేతులు కదా, గుడ్డ డప్పులా మోగింది. తెల్లారి చూస్తే బొద్దింకలు విందు చేసుకుని వెళ్లాయి. ఒక మూల మొత్తం కొరికేశాయి. దొర గంజి పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. రెండో గుడ్డకు గోడలకు వేసే తెల్లరంగు పూశాను.

దొర వాడిన కత్తి మన బజారులో దొరకలేదు. చంద్రభాగ మరిచిపోయిన అట్లకాడ ఉంది. అది ఆ కత్తికన్నా మేలు. వెడల్పుగా ఉంది, పిడి కూడా అలవాటైనదే.

జులై 7, ఆదివారం

ఎవరి ముఖం వేయాలి? పక్క గది పోచమ్మవ్వను అడిగాను. డెబ్బై దాటినా చాట ముందు నుంచి లేవదు, ఇంకా బీడీలు చుడుతూనే ఉంటుంది.

"నా బొమ్మ ఎందుకు బిడ్డా? నేనింక పోలే గద" అంది. మావాళ్లలో గోడకెక్కేది పోయినవాళ్ల ముఖమే. "పోయినంక ఎయ్యి. అప్పుడైతే కదలకుంట ఉంట."

చివరికి చంద్రభాగనే వేద్దామనుకున్నాను. ప్రేమ పొంగి కాదు. ఇరవై ఏడేళ్లుగా చూస్తున్న ముఖం, ఎదురుగా కూర్చోబెట్టే పని కూడా లేదు. కళ్లు మూసుకుని వేసేయొచ్చు.

జులై 8

కళ్లు మూసుకున్నాను. చాట కనబడింది. చాటలో చేతులు కనబడ్డాయి, కత్తెర కనబడింది. పైన ముఖం ఉండాల్సిన చోట మా సీలింగ్ ఫ్యాన్ కనబడింది.

జులై 10

ముక్కు వచ్చింది. అంటే, ముక్కులాంటిది. ముక్కుపుల్ల ఎడమవైపా, కుడివైపా?

జులై 11

పెళ్లి ఫోటోలో తల వంచుకుని ఉంది, పైగా బాసింగం అడ్డం. ఆధార్ కార్డులో ముఖమంతా ఒకటే నల్ల మచ్చ. నా ఫోన్‌లో సాంచాల ఫోటోలు, తెగిన పోగుల ఫోటోలు, ఎవరిదో ఒక మేక ఫోటో ఉన్నాయి. మా అమ్మాయి శ్రావణి పెళ్లి ఫోటోల్లో చంద్రభాగ ఒకదాంట్లో దొరికింది. వడ్డిస్తూ, వెనక నుంచి. వీపు బాగా వచ్చింది. ముక్కు రాలేదు.

ఎడమవైపు పెట్టాను.

జులై 12

కుడివైపు.

జులై 13

చంద్రభాగ ఫోన్ చేసింది.

"అట్లకాడ అక్కడున్నదా?"

నా చేతిలోనే ఉంది. దాని మీద ఆమె బుగ్గ ఉంది. "లేదు" అన్నాను.

"జెర మంచిగ చూడు. రొట్టె తిప్పనీకి వస్తలేదు, చెయ్యి కాలుతున్నది."

"చూస్త."

"ఇంకేం సంగతి?"

"ఏం లేదు."

"సరే తియ్యి."

ఇంటినుంచి వెళ్లి ఇన్నాళ్లయ్యాక మనిషి ఫోన్ చేస్తుంది, దేనికి, అట్లకాడకు! ఎలా ఉన్నావని ఒక్క మాట అడగొద్దూ? నేనూ అడగలేదనుకోండి. కాని నేను పనిలో ఉన్నాను.

'అనుకోండి' అని ఎవరికి రాశానో. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. కళాకారుడికి ఈపాటి పొగరు వస్తుందేమో.

జులై 16

పోచమ్మవ్వ బస్సెక్కి కుంభారి వెళ్లి వచ్చింది. రాగానే నా గుమ్మంలో కూలబడింది.

"ఇల్లు మంచిగున్నది. పెద్ద కిటికి ఉన్నది. గని నీ పెండ్లాం లోపల పొయ్యి ముట్టియ్యలే. ఇద్దరు కలిసి పాలు పొంగిచ్చినంకనే లోపల వండుతదట. బయట పట్టా కట్టుకొని, మూడు రాళ్లు పెట్టుకొని వండుతున్నది. ఈ వానకు కట్టెలు ఊదీ ఊదీ కండ్లు ఎర్రగైనయ్."

"ఎవలు వద్దన్నరు లోపల వండుకోమంటె? మొండితనం" అన్నాను.

"ఎవలదిరా?" అంది.

మాట మార్చాను. చంద్రభాగ ముక్కుపుల్ల ఏ పక్కన ఉంటుందని అడిగాను. ముసలామె నన్ను అదోలా చూసింది. "నన్నెందుకు అడుగుతవ్? పొయ్యి చూసి రా" అని లేచి వెళ్లిపోయింది. వయసు మీద పడింది, జ్ఞాపకం తగ్గినట్టుంది.

జులై 17

వాన.

జులై 18

వాన. ముక్కు మీద ఇంకో ముక్కు వేశాను.

జులై 19

వాన ఆగలేదు. కట్టెలు ఎక్కడ దొరుకుతున్నాయో ఆమెకు.

జులై 21, ఆదివారం

శ్రావణికి ఫోన్ చేశాను. "అమ్మ ముక్కుపుల్ల ఏ పక్కకు ఉంటదమ్మా?"

ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"బాపూ, నిజంగ అడుగుతున్నవా?"

"బొమ్మ ఏస్తున్న బిడ్డా. అందుకోసం."

"నేను ఫోన్ పెడుతున్న బాపూ."

పాపం, ఏదో పనిలో ఉన్నట్టుంది.

జులై 25

రెండు రోజులు కార్ఖానాకు వెళ్లలేదని తుషార్ వెతుక్కుంటూ వచ్చాడు. మంచం పక్కన నిలబెట్టిన బొమ్మ చూసి చెప్పులు కూడా విప్పకుండా ఆగిపోయాడు.

"కాకా! హే తుమ్హీ కేలం? మీరే ఏసిండ్రా? ముక్కు చూడుండ్రి, ఎంత మందంగున్నది! ఒకదాని మీద ఒకటి పొరలు... ఆమె మనసులో ఏదో కోపమున్నట్టు. ఇది ముద్దామ్ చేసిండ్రా?"

అది నాలుగో ముక్కు. కింద మూడు ముక్కులు సమాధి అయి ఉన్నాయి. రెండింటికి ఎడమవైపు పుల్ల, ఒకదానికి కుడివైపు.

"హో. ముద్దామ్" అన్నాను. అంతా కావాలనే చేసినట్టు గడ్డం కూడా ఒకసారి నిమురుకున్నాను.

ఫోటోలు తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "ఇంత దట్టంగ ఏస్తె ఆరనీకి ఆరు నెలలు పడ్తది కాకా, అందుల వానలు" అన్నాడు. కంప్యూటర్ ఉన్నవాడికి అన్నీ తెలుస్తాయి.

చూసేవాళ్లకు అది ధైర్యమైన చేతి పనితనం. నాకు తెలుసు అదేమిటో. పెళ్లాం ముఖం గుర్తులేని మొగుడు, గుర్తురాని చోటల్లా రంగు కుమ్మరించి కప్పెట్టిన గుంత.

జులై 28, ఆదివారం

"అట్లకాడ దొరికిందా?"

"లేదు."

"మంచిది. విను. అయ్యగారు ముహూర్తం పెట్టిండు. వచ్చే నెల ఇరవై మూడు, శ్రావణ శుక్రవారం. పాలు పొంగిస్తున్న. పీటల మీద ఇద్దరం కూసోవాలె."

"చూస్త."

"ఏం చూస్తవ్? ఇగ విను శ్రావణి బాపూ. నువ్వు రాకుంటె బిడ్డనూ అల్లున్నీ కూసోబెడ్త. లోపల పొయ్యి ముట్టిస్త. దాని తర్వాత నిన్ను రమ్మని నేను అడగ. అట్లకాడ సుత అడగ."

ఫోన్ పెట్టేసింది. గొంతులో కోపం లేదు. అదే నాకు భయం వేసింది.

ఆగస్టు 1

ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి రాస్తాను.

వెలుతురు సాకు. కార్ఖానా దూరం అన్నది సాకు. బస్సు వస్తుంది, సగం కార్ఖానా ఆ బస్సులోనే వస్తోంది. అసలు సంగతి ఏమిటంటే, ఇల్లు చంద్రభాగ పేరున వచ్చింది. కాగితం వచ్చిన రోజు మొదటి మాట 'చంద్రభాగ' అని ఉంటే మిగతాది చదవకుండా ఆమె చేతికిచ్చేశాను. ఆమె దాన్ని దేవుడి ముందు పెట్టి దండం పెట్టుకుంది. నేను బయటికి వెళ్లి చాయ్ తాగాను. పని పోగొట్టుకున్న నక్షాకారుడు పెళ్లాం ఇంట్లో చేరాడని జనం అనుకుంటారని నా భయం. ఏ జనం? ఎవరికీ తీరిక లేదు. కుంభారిలో సగం ఇళ్లు ఆడవాళ్ల పేరుమీదే ఉన్నాయి, ఆ మొగుళ్లంతా హాయిగా లోపల తిని పడుకుంటున్నారు. నేనొక్కణ్ణే మహారాజును, బొద్దింకలతో కాపురం చేస్తున్నాను.

ఆగస్టు 4

నిర్ణయం తీసుకున్నాను. వెళ్తాను. కాని ఉత్త చేతులతో వెళ్లను, బొమ్మతో వెళ్తాను. అప్పుడు మొగుడు తిరిగొచ్చాడని కాకుండా చిత్రకారుడు విచ్చేశాడని ఉంటుంది.

ఆగస్టు 9

కళ్లు కుదిరాయి. ఎర్రగా వేశాను. పొగకు ఎర్రబడ్డవి. ఇవి నేను చూసినవి కావు, పోచమ్మవ్వ చెప్పినవి. అయినా వాటి ముందు ఎక్కువసేపు నిలబడలేకపోతున్నాను.

ఆగస్టు 14

చెవులు మిగిలాయి. అవి ఎలా ఉంటాయో ఆలోచించాను. కొంగు కప్పి వదిలేశాను.

ఆగస్టు 19, సోమవారం

నారళీ పౌర్ణమి, ఇక్కడివాళ్ల కొబ్బరికాయల పండుగ. మార్కండేయ మహాముని రథం. ఊళ్లోని మనవాళ్లంతా రోడ్ల మీదే ఉన్నారు. రథం వైపు కాకుండా ఆడవాళ్ల ముక్కుల వైపు చూసిన భక్తుణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఎడమ, ఎడమ, కుడి, రెండు వైపులా, ఎడమ. ఒకామె మొగుడు నా భుజం పట్టుకుని, "కాకా, కాయ్ బఘ్తాయ్?" అన్నాడు. కొబ్బరికాయ ఎటు దొర్లిందో చూస్తున్నానని చెప్పి జనంలో కలిసిపోయాను.

ఎక్కువమందికి ఎడమవైపే ఉంది. ఎడమవైపే ఖాయం చేశాను. పసుపురంగు గొట్టం పిండి, శనగగింజంత ముద్ద పెట్టాను. మెరుస్తోంది. ఇక దీన్ని ముట్టుకోను.

ఆగస్టు 22

ముక్కు మీద వేలు పెట్టాను. వేలు దిగబడింది. బొమ్మ తడిగానే ఉంది. రేపే ముహూర్తం. దేనిలో చుట్టి తీసుకెళ్లాలి? కాగితం అంటుకుంటుంది. ప్లాస్టిక్ అంటుకుంటుంది. ముప్పై ఏళ్లు తువ్వాళ్ల మధ్య బతికినవాడికి మెత్తటిది ఏదంటే ఏం తోస్తుంది? కొత్త తువ్వాలు తీశాను. నా నక్షాదే, హంసల జంటది. ముఖం మీద కప్పి, దారంతో నెమ్మదిగా కట్టాను.

ఆగస్టు 23, శుక్రవారం

కుంభారి నుంచి రాస్తున్నాను. మొదటి నుంచి రాయాలి, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

బస్సు కిక్కిరిసి ఉంది. బొమ్మను గుండెకు ఆనించుకుని నిలబడ్డాను. పక్కన ఒకాయన దాన్నే చూస్తున్నాడు.

"ఫోటోనా కాకా?"

"హో."

"ఎవలది?"

"నా భార్యది."

ఆయన ముఖం మారిపోయింది. "అరెరె! ఎప్పుడు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే వెనక్కి తిరిగి, "ఏయ్, జాగా ద్యా! కాకాంచీ బాయ్కో గేలీ!" అని కేకేశాడు. పెళ్లాం పోయినవాడికి చోటివ్వండన్నాక ఎవరు కూర్చుంటారు, ముగ్గురు లేచారు. ఒక ముసలామె నా చేయి పట్టుకుని, "ధైర్యం చేసుకో బిడ్డా" అంది. చెప్పాల్సింది, బతికే ఉందమ్మా, నన్ను పాలు పొంగించడానికి రమ్మంది అని. చెప్పలేదు. సీటు ఖాళీగా ఉంది, మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి. కూర్చున్నాను. కూర్చుని, తువ్వాలు కట్టిన ఆ చట్రం ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తుంటే నాకే ఏమిటోగా అయింది. నిజంగా ఆమె పోయి ఉంటే, ఈ ముఖాన్ని ఇంతకన్నా బాగా గుర్తు చేసుకోగలిగేవాణ్ణి కాదు. అది తట్టగానే ఏడుపొచ్చింది. బస్సంతా నాకు మంచినీళ్లు ఇచ్చింది.

ఇల్లు కనుక్కోవడానికి తిరిగాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒక గుమ్మం పక్కన తడిసిన పట్టా, మూడు నల్ల రాళ్లు కనబడ్డాయి. పైన రేకు పలక. 'సౌ. చంద్రభాగ గంగాధర్ మ్యాకల.' గంగాధర్ అంటే నేనే. ఇక్కడి లెక్క ప్రకారం ఆడదాని పేరు పక్కన మొగుడి పేరే ఉంటుంది, చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. మొదటి మాట దగ్గరే ఆగిపోకుండా ఇంకొక్క మాట చదివి ఉంటే వానాకాలం సగం మిగిలేది.

శ్రావణి, అల్లుడు పీటల మీద కూర్చుని ఉన్నారు. అయ్యగారు కొబ్బరికాయ చేతిలోకి తీసుకున్నాడు. చంద్రభాగ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నన్ను చూసి, అల్లుడితో, "లెవ్వు బిడ్డా" అంది. నేను బొమ్మను గోడకు ఆనించి, చెప్పులు విప్పి, వాళ్లిద్దరూ లేచిన పీటల మీద చంద్రభాగ పక్కన కూర్చున్నాను. పాలు పొంగాయి. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, పొగ అంది. లోపల కొత్తగా తెచ్చిన గ్యాస్ స్టవ్ మీద పాలు, పొగ ఎక్కడిది?

అందరూ తిని వెళ్లాక, "గదేంది?" అంది.

విప్పాను. తువ్వాలు రాలేదు. లాగాను. చర్రుమని వచ్చింది. నూలు మొత్తం ఊడి రంగుకు పట్టుకుంది. బుగ్గల మీద, గడ్డం మీద, నుదుటి మీద తెల్లటి బొచ్చు.

చంద్రభాగ వంగి చూసింది. "గొర్రెనా?"

"నువ్వే."

నవ్వు మొదలుపెట్టింది. నవ్వి నవ్వి గోడ పట్టుకుని కింద కూర్చుంది. "ఇన్నేండ్లు తువ్వాలలు నేసినవ్. తడి మీద ఏస్తె నూలు అంటుతదని తెల్వదా నీకు?" అంది. నేను కూడా నవ్వాను. తర్వాత ఆమె కూర్చున్న చోటు నుంచే బొమ్మను చూస్తూ ఉండిపోయింది. నవ్వు ఆగింది.

"ముక్కుపుల్ల ఎందుకు పెట్టినవ్?"

"ఎడమ పక్కకే కదా?"

"నేను ముక్కుపుల్ల తీసి నాలుగేండ్లాయె."

చేతిలోని తువ్వాలు మడత పెట్టడం మొదలుపెట్టాను.

"తంబాకు దుమ్ముకు పుండైంది. ముక్కంత వాసింది. దవాఖానకు పోచమ్మవ్వను తీసుకొని పోయిన. పదిహేను దినాలు మూతికి గుడ్డ కట్టుకొనే చుట్టిన. నీకు అన్నం పెట్టిన. నువ్వు ఏమన్నవో ఎరుకనా? గుడ్డ ఎందుకు, కొత్త ఫ్యాషనా అన్నవ్."

సిగ్గుతో చచ్చిపోయాను. పోచమ్మవ్వకు తెలుసు, శ్రావణికి తెలుసు. నేనేమో రెండు నెలలు కూర్చుని ఎడమా కుడీ అని ముక్కు మీద ముక్కు పేర్చాను. లేని దాన్ని వెతికి వెతికి ఎంత దట్టంగా వేశానో, అంత తెలియదు నాకు.

"నేను చూడలే చంద్రభాగా" అన్నాను.

"అవ్. చూడలే."

ఆకు కోసే కత్తెర తీసుకుంది. మొనతో ఆ పసుపు ముద్దను ఒడుపుగా పెరికి తీసేసింది. అక్కడ ఒక చిన్న గుంట మిగిలింది. "గిట్లనే ఉంటది" అని, ముఖం దీపం వైపు తిప్పి నా ముందు పెట్టింది. "ఇగో, చూడు."

చూశాను. ఎడమవైపు. మిరప గింజంత మచ్చ.

సంచిలోంచి అట్లకాడ తీసి ఇచ్చాను. దాని మీద ఎర్ర రంగు పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. "దొంగ ముండాకొడుకా" అని మాత్రం అనలేదు. అన్నట్టే చూసింది.

"ఇగ పోతవా?" అంది.

"బొమ్మ తడిగున్నది. మళ్ల బస్సుల తీస్కపోతె ఇంకో తువ్వాల ఖరాబైతది. ఆరేదాక ఉండనీ."

"ఎన్ని దినాలు పడ్తది?"

"ఆరు నెలలంటడు తుషార్."

"గట్లనా" అని లేచి, రాత్రికి ఇంకో గుప్పెడు పిండి కలిపింది.

ఆగస్టు 30

ఇక్కడ వెలుతురు చాలా బాగుంది.

సెప్టెంబర్ 8, ఆదివారం

బొమ్మ మీది నూలు ఏరుతున్నాను. కొన్ని చోట్ల రాలేదు. వెంట్రుకలు తెల్లబడ్డట్టు ఉందని వదిలేశాను. చంద్రభాగ వచ్చి చూసి, "ఇది నిజమే" అంది.

సెప్టెంబర్ 17

రోజూ సాయంత్రం అడుగుతోంది. "ఆరిందా?" "ఇంక లేదు." ఆమె చాట ముందుకు, నేను నా మూలకు.

సెప్టెంబర్ 26

నుదురు ఆరిపోయింది. గడ్డం ఆరిపోయింది. తుషార్‌కు ఏమీ తెలియదు, ఆరు నెలలట! ఆమె నీళ్లకు వెళ్లినప్పుడు గొట్టం తీసి బుగ్గ మీద కొంచెం కొత్త రంగు పెట్టాను. దట్టంగా. బుగ్గకు అది అవసరమే.

సెప్టెంబర్ 29

బుగ్గకు మళ్లీ అవసరమైంది.

అక్టోబర్ 6, ఆదివారం

పోచమ్మవ్వ వచ్చింది. వచ్చిన పని చూసుకోకుండా సరాసరి బొమ్మ దగ్గరికి వెళ్లి, వేలితో ముక్కును నొక్కింది. నొక్కి, బుగ్గ తప్ప మిగతా ముఖమంతా తడిమింది.

"రాయి లెక్క అయింది గద బిడ్డా! ఆరేదాక ఉంట అన్నవట. ఆరింది. ఇంకెందుకున్నవ్ ఈడ?"

ముసలామె కళ్లల్లో అల్లరి. కొత్త అబద్ధం ఒక్కటీ నోటికి రాలేదు. చంద్రభాగ గుమ్మంలో కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. తల ఎత్తలేదు, కత్తెర ఆపలేదు.

"ఏడ ఆరిందవ్వా?" అంది. "చెవులు ఇంక ఎయ్యనే లేదు."

గొట్టాలు ముందేసుకుని అట్లకాడ ఇమ్మన్నాను. రొట్టెలు అయ్యేదాకా ఆగమంది.